కారు ఎవరిది, నష్టం ఎవరిది?

చేతిలోని పైకం ఒకేసారి చెల్లించి కారు కొనగలిగిన కుటుంబాలు మనలో కొద్ది మాత్రమే. మిగిలినవారు ఫైనాన్సులో తీసుకుంటారు, లేదా మరొకరి కారును బాడుగకు తీసుకుని నడుపుకుంటారు. ఈ మూడు మార్గాలలో ఏది చవక అన్న లెక్కను ఏ షోరూములోనైనా ఐదు నిమిషాలలో వేసి చూపిస్తారు. ఏది ధర్మసమ్మతం అన్న లెక్కను మాత్రం మనమే వేసుకోవాలి. 2024 చివరలో తిరుచానూరులోని మా కుటుంబం ఆ లెక్క వేయవలసి వచ్చింది. అది మా సుఖప్రయాణాల కోసం కొనదలచిన కారు కాదు. మా ఆపా కుమారుని జీవనోపాధి అది.

తిరుచానూరు తిరుపతికి సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంది. పద్మావతీ అమ్మవారి ఆలయానికి వచ్చే యాత్రికులతో ఊరు ఏడాది పొడుగునా కదులుతూనే ఉంటుంది. రేణిగుంట రైల్వేస్టేషను, విమానాశ్రయం, శ్రీకాళహస్తి, కాణిపాకం, చెన్నై. ఆసుపత్రి పని మీద వెళ్లేవారికి వేలూరు. ఈ దారుల మీద కారు నడిపి బ్రతికే కుటుంబాలు మతభేదం లేకుండా మా చుట్టుపక్కల ఎన్నో ఉన్నాయి. మా మేనల్లుడు కూడా రెండేళ్లుగా ఒక యజమాని కారును రోజుకు వెయ్యి రూపాయల బాడుగకు తీసుకుని నడుపుతుండేవాడు. గ్యాసు ఖర్చు అతనిది, టైర్లు, మరమ్మతులు, బీమా యజమానివి. ఇది స్వచ్ఛమైన బాడుగ ఒప్పందం. ఫిఖ్హ్ గ్రంథాలు దీనినే 'ఇజారా' అంటాయి. ఆ పదం మనకు కొత్తదేమీ కాదు. తోటలు, చెరువులు ఇజారాకు ఇవ్వడం మన తాతల నాటి తెలుగులోనూ ఉన్న మాటే.

ధర్మం దృష్టిలో అందులో ఏ లోపమూ లేదు. నెలకు ఇరవై ఆరు రోజులు నడిపితే ఇరవై ఆరు వేలు బాడుగకే పోతుంది, ఎన్నేళ్లు కట్టినా కారులో ఒక చక్రం కూడా తనది కాదు. అతని బాధ అదే. పెళ్లి కావలసిన వయసు వచ్చింది. సొంత బండి ఉన్నవాడికీ, బాడుగ బండి నడిపేవాడికీ సంబంధాల దగ్గర ఉండే తేడా చిత్తూరు, తిరుపతి జిల్లాల పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

అక్టోబరులో ఒక సాయంత్రం అతడు ఒక ఫైనాన్సు కంపెనీ దరఖాస్తుతో మా ఇంటికి వచ్చాడు. చిన్న సెడాన్ కారు, పసుపు నంబరు ప్లేటు, పర్మిటు, బీమా, పైన క్యారియరు, సీటు కవర్లు అన్నీ కలిపి రోడ్డు మీదికి వచ్చేసరికి తొమ్మిది లక్షలు. తాను దాచుకున్నది లక్షన్నర. మిగిలిన ఏడున్నర లక్షలు కంపెనీ ఇస్తుంది. కావలసింది ఒక హామీదారు సంతకం.

"కట్టేది నేనే కదా మామూ! మీరు ఒక్క సంతకం పెడితే చాలు" అన్నాడు.

పాఠక సోదర సోదరీమణులారా, ఈ మాట విన్నప్పుడు మన ఇళ్లలో సాధారణంగా రెండు విషయాలలో ఒకటి జరుగుతుంది. బంధుత్వానికి తలవంచి సంతకం చేస్తాము. లేదా వడ్డీ హరామని ఒక్క మాట చెప్పి, బిడ్డను ఖాళీ చేతులతో పంపుతాము. రెండవది చేసేవారు తాము ధర్మాన్ని కాపాడామని తృప్తి పడతారు. ఆ పిల్లవాడు మరునాడు మరొక హామీదారును వెతుక్కుంటాడు. వడ్డీ ఆగదు, బంధుత్వం మాత్రం తెగుతుంది.

వడ్డీ తినేవానినే గాక తినిపించేవానిని, దాని పత్రం వ్రాసేవానిని, దానికి సాక్షులుగా ఉన్నవారిని కూడా దైవప్రవక్త (స) శపించారనీ, వారందరూ సమానులన్నారనీ సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతోంది. హామీదారు అనే మాట అందులో విడిగా లేకపోవచ్చు. కానీ ఆ సంతకం లేనిదే ఆ ఒప్పందం ముందుకు సాగనప్పుడు, మా చేయి అందులో లేదని చెప్పుకోవడం ఎలా? సంతకం చేయలేమని అతనికి చెప్పాము. వారం రోజులు గడువిమ్మని, ఈలోపు ఆ కంపెనీ కాగితాలు మా వద్దే ఉంచమని కూడా అడిగాము.

ఆ కాగితాలను మేము, మా శ్రీమతి రాత్రి కూర్చుని చదివాము. వడ్డీ 9 శాతం అని ఉంది. అయితే అది ఫ్లాట్ వడ్డీ. అంటే ఏడున్నర లక్షల మీద ఏడాదికి 67,500 చొప్పున ఐదేళ్లకు 3,37,500. అసలుతో కలిపి 10,87,500; అరవై కంతులలో నెలకు 18,125. ఇందులోని కిటుకు ఏమిటంటే, అసలు నెలనెలా తీరిపోతూనే ఉంటుంది, వడ్డీ మాత్రం చివరి నెల వరకు మొదటి రోజు అసలు మీదే పడుతుంది. మిగిలిన బాకీ మీద మాత్రమే వడ్డీ లెక్కిస్తే ఇదే కంతు సుమారు 15.7 శాతానికి సమానమవుతుంది. నిజంగా 9 శాతమే అయితే నెలకు 15,569 చాలు. 2024 అక్టోబరు 1 నుండి ఇచ్చే ఇటువంటి రుణాలకు, అన్ని ఛార్జీలు కలిపిన వార్షిక శాతాన్ని 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే పత్రంలో చూపాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. ఇప్పటికే అప్పులో ఉన్న సోదరులు తమ సంస్థను అడిగి ఆ శాతం తెలుసుకోవడం మంచిది. త్వరగా తీర్చి బయటపడాలన్న పట్టుదల అక్కడే పుడుతుంది.

15 శాతం హరామై 9 శాతం హలాల్ అవుతుందా? కాదు. మా చూపు శాతం మీది నుండి మరొక వాక్యం మీదికి మళ్లింది. వాహనం ప్రమాదంలో నాశనమైనా, దొంగిలింపబడినా, మరమ్మతులో నిలిచిపోయినా కంతులు నిర్ణీత తేదీన చెల్లించవలసిందే, ఆలస్యమైతే అపరాధ రుసుము అదనం. కారు నడిచినా కంపెనీకి లాభమే, నిలిచినా లాభమే. కారు లాభనష్టాలతో దానికి సంబంధమే లేదు. అల్ బఖరా సూరాలోని 275వ ఆయతు వ్యాపారానికీ వడ్డీకీ మధ్య గీసిన గీత మాకు ఆ రాత్రి ఆ వాక్యంలో కనిపించింది. వ్యాపారి తన వస్తువు నష్టానికి బాధ్యుడు. బాడుగకిచ్చేవాడు తన ఆస్తి నష్టానికి బాధ్యుడు. వడ్డీకిచ్చేవాడు దేనికీ బాధ్యుడు కాడు.

దీని ఫలితం మా కళ్లెదుట ఉన్నదే. మా వీధిలోని ఒక డ్రైవరు కాలు విరిగి మూడు నెలలు మంచం పట్టాడు. నాలుగవ నెలలో ఫైనాన్సు మనుషులు వచ్చి బండి ఎత్తుకుపోయారు. అప్పటికి అతడు సగానికి పైగా కట్టి ఉన్నాడు. బకాయి వసూలుకు బలప్రయోగం చేసే మనుషులను పంపరాదని సుప్రీంకోర్టు 2007లోనే గట్టిగా చెప్పింది. వచ్చినవారు చేయి చేసుకోలేదు, తాళం అడిగారు, అతడు ఇచ్చాడు, అంతే.

ఇక ప్రత్యామ్నాయాల మాట. మొదట కువైట్‌లోని మా పినతండ్రి కుమారునికి ఫోను చేశాము. కడప, చిత్తూరు ప్రాంతాల నుండి కువైట్ వెళ్లినవారు మన ఇళ్లలో ఎందరో. 1977లో స్థాపించబడిన కువైట్ ఫైనాన్స్ హౌస్ వంటి సంస్థలు అక్కడ ఉన్నాయి. "ఇక్కడ సంస్థ ముందు కారును తానే కొంటుంది భాయ్. తర్వాత తన లాభం ఇంత అని చెప్పి మనకు వాయిదాల మీద అమ్ముతుంది" అన్నాడు. దీనిని మురాబహా అంటారు. ఒకసారి నిర్ణయమైన ధర ఆలస్యమైనందున పెరగదు. అప్పు మీద వడ్డీకీ దీనికీ తేడా ఏమిటని తేలికగా నవ్వేవారు ఉన్నారు. సంస్థ కారును నిజంగా కొని, కొంతసేపైనా దాని నష్టభారాన్ని తన తల మీద పెట్టుకుంటే తేడా ఉంది. కాగితం మీద మాత్రమే కొన్నట్లు వ్రాసుకుంటే నవ్వేవారి మాటే నిజం.

మన దేశంలో అటువంటి బ్యాంకు లేదు. రఘురామ్ రాజన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 2008లో వడ్డీ రహిత బ్యాంకింగును పరిశీలించమని సూచించింది. ఏళ్ల తరబడి చర్చ నడిచింది. ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించినట్లు 2017లో రిజర్వు బ్యాంకు తెలిపింది. ఈ శూన్యంలోనే 'హలాల్ లాభాలు' అంటూ డిపాజిట్లు సేకరించే సంస్థలు పుట్టుకొచ్చాయి. 2018, 2019 సంవత్సరాలలో అటువంటివి కూలినప్పుడు ఎందరు వితంతువుల బంగారం పోయిందో మన పాఠకులకు తెలుసు. అందుకే మా భాయిజాన్ ముందు 'హలాల్ పెట్టుబడి' అన్న మాట ఎత్తితే ముఖం తిప్పుకుంటారు. ఆయనను మేము తప్పుపట్టము.

బంధువులలో ఒకరు, అందరం కలిసి ఏడున్నర లక్షలు కర్జె హసనాగా ఇచ్చేద్దామని సూచించారు. వడ్డీ లేని అప్పు మహత్తరమైన పుణ్యకార్యం, సందేహం లేదు. అయితే మేము ఆలోచించిన కొద్దీ ఇక్కడ అది ఆ పిల్లవానికి మేలు చేసే మార్గంగా తోచలేదు. అప్పు అప్పే. కారు పోయినా ఏడున్నర లక్షలు అతని మెడ మీదే ఉంటాయి. మృతుని జనాజా ముందుకు వచ్చినప్పుడు అతనికి అప్పు ఉన్నదా అని దైవప్రవక్త (స) విచారించిన సంఘటన, హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీని తన మీద వేసుకున్న తర్వాతనే ఆయన నమాజు చేయించిన సంఘటన మనం జుమా ప్రసంగాలలో వింటూనే ఉంటాము. ఇరవై ఆరేళ్ల యువకుని మీద అంత బరువు పెట్టడానికి, అది వడ్డీ లేనిదైనా సరే, మా మనసు ఒప్పలేదు.

ఈ సందర్భంలో మా మస్జిదు ఇమాము గారు మాకు గుర్తుచేసిన ఒక విషయం మా ఆలోచనను మార్చివేసింది. వాహనం కొనడం, బాడుగకు తీసుకోవడం రెండూ హిజ్రత్ ప్రయాణంలోనే ఉన్నాయన్నారు ఆయన. హజ్రత్ అబూబక్ర్ (రజి) రెండు ఆడ ఒంటెలను నెలల తరబడి మేపి సిద్ధంగా ఉంచారు. ప్రయాణానికి అనుమతి వచ్చిన రోజున ఒకదానిని దైవప్రవక్త (స)కు సమర్పించబోయారు. ధర చెల్లిస్తేనే తీసుకుంటానన్నారు ఆయన. ప్రాణాలకు ముప్పు ఉన్న సమయం, ఇచ్చేది ప్రాణమిత్రుడు. అప్పుడు కూడా అది దానమా, అమ్మకమా అన్నది తేలవలసిందే. దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను కూలికి కుదుర్చుకున్నారు. అతడు అప్పటికి ముస్లిం కాడు. అయినా ఒంటెలు రెండూ అతనికే అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ వద్దకు తెమ్మన్నారు. చెప్పిన వేళకు అతడు తెచ్చాడు.

హజ్రత్ జాబిర్ (రజి) ఒంటె సంగతి మరొకటి. ప్రయాణంలో అలసిపోయిన ఆయన ఒంటెను దైవప్రవక్త (స) దారిలోనే కొన్నారు. మదీనా చేరేవరకు దాని మీద తానే ప్రయాణిస్తానని జాబిర్ (రజి) కోరగా అంగీకరించారు. మదీనాలో ధర చెల్లించి, ఒంటెను కూడా ఆయనకే ఇచ్చివేశారు. యాజమాన్యం ఒకరిది, సవారీ మరొకరిది కావచ్చుననీ, అది ముందుగా మాట్లాడుకోవాలనీ ఫిఖ్హ్ పండితులు ఈ హదీసు నుండి ఎన్నో సూత్రాలు తీశారు. ఇక గడువు మీద కొనడమంటారా, దైవప్రవక్త (స) తమ కవచాన్ని ఒక యూదుని వద్ద తాకట్టు ఉంచి ధాన్యం గడువు మీద కొన్నారని సహీహ్ బుఖారీలోనే ఉంది. గడువు మీద అమ్మేటప్పుడు ధర ఎక్కువ చెప్పవచ్చుననీ, ఆ ధర నిర్ణయమయ్యాక ఆలస్యానికి అపరాధ రుసుము కూడదనీ అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 1990లో జిద్దా సమావేశంలో తీర్మానించింది. పాత కారును యజమాని నుండి నేరుగా గడువు మీద కొనగలిగినవారికి ఇదే అన్నిటికంటే సులభమైన దారి. మా మేనల్లుని కోసం అటువంటి యజమానిని వెదికాము. టాక్సీగా లక్షల కిలోమీటర్లు తిరిగిన బండ్లు తప్ప దొరకలేదు.

చివరకు మేము కుదుర్చుకున్నది ఇది. తొమ్మిది లక్షలను పద్దెనిమిది వాటాలు చేశాము, వాటా యాభై వేలు. మేనల్లునివి మూడు, మావి ఆరు, భాయిజాన్‌వి ఐదు, మా బావమరిదివి నాలుగు. భాయిజాన్ వంతులో కొంత, వేలంపాట లేకుండా బంధువులం వేసుకునే చీటీ నుండి వచ్చింది. కారు నలుగురి ఉమ్మడి ఆస్తి. దానిని మేనల్లునికి నెలకు పద్దెనిమిది వేలకు బాడుగకు ఇచ్చాము. తన మూడు వాటాల బాడుగ తనకే గనుక అతడు మాకు కట్టేది పదిహేను వేలు. ఏడాది తర్వాత నుండి వీలున్నప్పుడల్లా మా వాటాలను ఒక్కొక్కటిగా కొనుక్కుంటాడు. కొన్న కొద్దీ బాడుగ తగ్గుతుంది. ఒకే వస్తువు మీద ఒకే సమయంలో బాడుగ, అమ్మకం రెండూ కలగలిపిన ఒప్పందం కూడదనీ, అవి విడివిడి ఒప్పందాలుగా ఉండాలనీ, బాడుగ కాలంలో వస్తువు నష్టం యజమానిదేననీ, బీమా చేయిస్తే దాని ఖర్చూ యజమానిదేననీ అదే అకాడమీ 2000లో రియాద్‌లో చెప్పింది. అందువల్ల బాడుగ పత్రం ఒకటి వ్రాసుకున్నాము. వాటాల అమ్మకం మాట అందులో లేదు. అది అమ్మిన రోజున విడిగా జరిగే బేరం.

ఇంతవరకు అందరూ తలలు ఊపారు. వాటా ధర దగ్గర గొడవ మొదలైంది.

"నేను పెట్టింది యాభై వేలు. అమ్మినప్పుడు నాకు యాభై వేలు రావాలి. అందులో అన్యాయం ఏముంది?" అన్నారు భాయిజాన్.

వినడానికి న్యాయంగానే ఉంది. ముఫ్తీ సాహెబును అడిగాము. ఆయన ఒక ప్రశ్న వేశారు: "ఏడాది తర్వాత ఆ కారు బజారులో ఎంత చేస్తుంది?" తగ్గుతుందన్నాము. "తగ్గిన కారులో మీ వాటాకు పాత ధరే రావాలంటే ఆ తరుగుదల అంతా ఆ అబ్బాయే మోయాలి. అసలు భద్రంగా తిరిగి వచ్చి, పైన నెలనెలా బాడుగ కూడా వస్తే, దానిని మీరు ఏ పేరుతో పిలుస్తారు?" భాయిజాన్ చాలాసేపు మాట్లాడలేదు. వాటాను అమ్మే రోజున ఉన్న ధరకో, ఆ రోజు ఇరుపక్షాలు ఒప్పుకున్న ధరకో మాత్రమే అమ్మాలన్నది బహ్రెయిన్‌లోని ఆయోఫి సంస్థ షరీఅత్ ప్రమాణాలలో కూడా ఉన్న నియమం. పేర్లు అరబ్బీలో ఉన్నంత మాత్రాన ఒప్పందం హలాల్ కాదని మా ఇంట అందరికీ అర్థమైంది ఆనాడే. ముషారకా అనే పేరు పెట్టి, నష్టం మొత్తం నడిపేవాని మీదికి నెడితే అది ఫైనాన్సు కంపెనీ కాగితం కంటే ఏ విధంగానూ మెరుగు కాదు. పైగా దాని మీద దీన్ ముద్ర కూడా వేసినట్లవుతుంది.

పత్రం వ్రాసుకుందామన్నప్పుడు ఆపా నొచ్చుకున్నారు. "కన్నబిడ్డ లాంటివాడు, వాడి దగ్గర స్టాంపు కాగితమా?" అన్నారు. ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు, అల్ బఖరా 282, గడువు పెట్టుకున్న లావాదేవీలను వ్రాసి ఉంచమని, సాక్షులను పెట్టుకోమని చెప్పడానికే అవతరించిందని మా శ్రీమతి ఆమెకు చదివి వినిపించింది. అపనమ్మకం ఉన్నవారికి మాత్రమే అన్న షరతు అందులో లేదు. ఆపా కూడా వేలిముద్ర కాక సంతకమే చేస్తానని పట్టుబట్టి సాక్షిగా చేశారు.

బాధ్యతలు ఇలా పంచుకున్నాము. గ్యాసు, ఆయిలు, పంక్చరు, ట్రాఫిక్ చలానాలు మేనల్లునివి. పన్ను, బీమా, టైర్లు, ఇంజను, గేరుబాక్సు యజమానులవి, వాటాల ప్రకారం. అతని అజాగ్రత్త వల్ల కలిగిన నష్టం అతనిది. అజాగ్రత్త లేకుండా కలిగింది అందరిదీ. బీమా గురించి కొందరు పాఠకులు అడుగుతారు. మూడవ పక్షం బీమా లేకుండా బండి రోడ్డెక్కడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం, అక్కడ మనకు ఎంపిక లేదు. పూర్తి బీమా విషయంలో ఉలమాల మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి. యాత్రికులు ఎక్కే బండి గనుక, నలుగురి సొమ్ము గనుక, మేము అడిగిన ముఫ్తీ సాహెబు అవసరం దృష్ట్యా అనుమతించారు.

ఆర్.సి. మా పేరున చేయించాము. ఈ ఒక్క విషయం తేలికగా తీసుకోవద్దని ఇటువంటి ఏర్పాటు చేసుకోదలచిన సోదరులకు మా మనవి. ఇంట్లో వాటాలు ఎన్ని ఉన్నా చట్టం దృష్టిలో యజమాని ఆర్.సి.లో పేరున్నవాడే. ప్రమాదంలో నష్టపరిహారం దావా పడితే నోటీసు వచ్చేది అతనికే. వాటాదారులు ఆ భారాన్ని కూడా పంచుకుంటామని పత్రంలో వ్రాసి ఇవ్వాలి. అప్పు లేనందువల్ల ఆర్.సి. మీద ఏ ఫైనాన్సు సంస్థ పేరూ లేదు. రేపు మేనల్లుని పేరుకు మార్చడానికి 29, 30 ఫారాలు చాలు.

నవంబరులో, కార్తీక బ్రహ్మోత్సవాలకు ముందు బండి వచ్చింది. పంచమీ తీర్థం రోజున తిరుచానూరులో అడుగు తీసి అడుగు వేయలేము. ఆ వారంలో మేనల్లుడు నిద్రపోయిన గంటలు లెక్కపెట్టవచ్చు. మొదటి ఆరు నెలలు బాడుగ ఒకటవ తేదీకే వచ్చేది.

జూన్‌లో రేణిగుంట రోడ్డు మీద ఆగి ఉన్న కారును వెనుక నుండి ఒక లారీ ఢీకొట్టింది. అల్‌హందులిల్లాహ్, లోపల ఎవరూ లేరు, మేనల్లుడు టీ తాగడానికి దిగి ఉన్నాడు. మరమ్మతు ఖర్చు బీమా నుండి వచ్చింది. విడిభాగాలు రావడానికి మాత్రం నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజుల బాడుగ మేము తీసుకోలేదు, తీసుకునే హక్కు లేదు. వస్తువు వాడుకకు లేనప్పుడు బాడుగ ఎక్కడిది? అతడు ఆ రోజులలో తన పాత యజమాని బండిని బాడుగకు నడిపి ఇల్లు గడిపాడు. ఫైనాన్సులో ఉంటే ఆ నలభై రోజులలో 18,125 రూపాయల కంతు ఒకటి తప్పక, రెండవది దాదాపుగా పడి ఉండేది.

ఏడాది తిరిగేసరికి లెక్క చూసుకున్నాము. బాడుగ రెండు లక్షల పదహారు వేలు రావలసింది, నలభై రోజుల ఇరవై నాలుగు వేలు పోగా ఒక లక్ష తొంభై రెండు వేలు. టైర్లకు, రెండవ ఏటి బీమాకు కలిపి యాభై నాలుగు వేలు ఖర్చయింది. మిగిలినది 1,38,000. ఇక కారు ధర. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్ల మీద జి.ఎస్.టి. 28 శాతం నుండి 18 శాతానికి తగ్గింది, పైన ఉండే సెస్సు కూడా పోయింది. కొత్త కార్లు చవకయ్యాయి గనుక మా ఏడాది కారు ధర మేము అనుకున్న దానికంటే ఎక్కువగా పడిపోయింది. ఇద్దరు మెకానిక్కులను పిలిచి ధర కట్టిస్తే ఏడు లక్షల యాభై ఆరు వేలు తేలింది. అంటే వాటా నలభై రెండు వేలు. తరుగుదల 1,44,000. వచ్చింది 1,38,000. మొత్తం మీద ఆరు వేలు నష్టం, వాటాకు 333 రూపాయలు.

ఆ కాగితాన్ని భాయిజాన్ ముందు పెట్టడానికి మేము కొంత జంకాము. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు కూడికలు సరిచూసుకున్నారు. తర్వాత నవ్వి, "ఫైనాన్సు కంపెనీకి ఏ ఏడాదైనా ఇలా నష్టం వచ్చిందంటావా?" అన్నారు. రాదని అందరికీ తెలుసు. ఆయన వాటాలు వెనక్కి తీసుకోలేదు.

ఈ పద్ధతి లాభసాటి అని మేము ఎవరికీ చెప్పము. బంగారం కొనిపెట్టుకున్నవారు ఆ ఏడాది మా కంటే ఎంతో బాగుపడ్డారు. ప్రతి కుటుంబంలో ముగ్గురు నలుగురు కలిసి ఏడెనిమిది లక్షలు తీయగలరనీ అనము. అంత లేనివారు బాడుగ బండితోనే మరి కొన్నేళ్లు గడిపి, దాచుకుని, పాతదానిని కొనుక్కోవడంలో చిన్నతనం ఏమీ లేదు. పెళ్లి సంబంధాల వారికి ఆ మాట చెప్పే బాధ్యత మనలాంటి పెద్దల మీద ఉంది. ఇంటి వాడకానికి కారు కావాలనుకునే ఉద్యోగస్థుల విషయంలో అయితే మేము ఇంకా కఠినంగా చెబుతాము. నెలకు నాలుగుసార్లు బయటికి వెళ్లే కుటుంబం ఆ నాలుగుసార్లూ మా మేనల్లుని వంటివాని కారును బాడుగకు పిలుచుకుంటే ఖర్చూ తక్కువ, ఒక ఇంటికి అన్నమూ దొరుకుతుంది.

నిరుడు నవంబరులో మేనల్లుడు నలభై రెండు వేల చొప్పున భాయిజాన్ వద్ద రెండు వాటాలు కొన్నాడు. ఇప్పుడు అతనివి ఐదు. కారు విలువ తగ్గింది గనుక బాడుగను కూడా వాటాకు 850కి తగ్గించాము. మిగిలిన పదమూడు వాటాలకు అతడు నెలకు 11,050 కడుతున్నాడు. పెళ్లి మాటలు ఒకచోట నడుస్తున్నాయి. వచ్చే నవంబరులో మెకానిక్కులు మళ్లీ వచ్చి ధర కడతారు. అతడు ఇప్పటి నుండే ముందు బంపరు మీది గీతలనూ, కొంచెం చప్పుడు చేస్తున్న కుడి తలుపునూ ఇంటికి వచ్చిన వాటాదారులందరికీ తప్పకుండా చూపిస్తున్నాడు.